ఫిర్యాదుదారుడి సంతకం

ఆ ఆదివారం ఉదయం కృష్ణమూర్తిగారు వేసుకున్న కార్యక్రమం చాలా సాధారణమైనది. ఎనిమిదింటికి పెసరట్టు, తొమ్మిదింటికి పత్రిక, పదింటికి తోడల్లుడిని, మరదలిని వెంటబెట్టుకుని ముబారకియా బజారులో ఖర్జూరాలు కొనడం. ముప్పై నాలుగేళ్ళుగా కువైట్‌లో ఉంటున్న మనిషి అతిథులకు చూపించగలిగినదంతా మొదటి మూడు రోజుల్లోనే అయిపోయింది. ఇక మిగిలినవి ఖర్జూరాలే.

తోడల్లుడి పేరు చినబాబు. కృష్ణమూర్తిగారి భార్య అలివేలుకు చెల్లెలైన పుష్పలతను పెళ్ళాడి, ఇంగ్లండులో ఇరవై ఎనిమిదేళ్ళు ఉద్యోగం చేసి, అక్కడే పౌరసత్వం, అక్కడే ఇల్లు, అక్కడే పింఛను సంపాదించుకున్నవాడు. ఇండియా వెళుతూ దారిలో పది రోజులు కువైట్‌లో దిగాడు. దిగిన నాటి నుంచి అతను చేస్తున్న పని ఒక్కటే. ఇంగ్లండును తిట్టడం.

"మా ఇంటికి చెత్తబుట్టలు మూడు రంగులండి అన్నయ్యగారూ," అన్నాడు పెసరట్టు తుంచుతూ. "నల్లది పదిహేను రోజులకోసారి తీస్తారండి. ఆకుపచ్చదానికి వేరే రుసుమండి. మా ఊరి కౌన్సిల్ పన్నేమో ఏటేటా పెంచుతారు. ఆ సొమ్మంతా ఏం చేస్తున్నారయ్యా అంటే, ఉన్న గ్రంథాలయం మూసేశారండి. మూసే ముందు, మూయమంటారా అని మమ్మల్నే పిలిచి సభ పెట్టి, బిస్కెట్లు పంచారు."

"బిస్కెట్లు కూడా పెట్టారా?" అంది అలివేలు, ఎంతో గౌరవంగా.

"పెట్టారండి వదినగారూ. అవీ మా పన్నే. ఇక డాక్టరంటారా, పొద్దున్న ఎనిమిది కొట్టేసరికి ఫోను చెయ్యాలండి. వరసలో మీరు ఇరవై ఏడో వారు అంటుందండి అందులో గొంతు. నా మోకాలికి పద్నాలుగు నెలల తర్వాత తారీఖు ఇచ్చారు. ఉచితమే, కాదనను. అప్పటిదాకా మోకాలు ఉండాలి కదండి."

ఈ మాటలు విని మరొకడైతే జాలిపడేవాడు. కృష్ణమూర్తిగారికి కడుపు మండింది. ఆయనకు ఆ మూడు రంగుల బుట్టల మీద అసూయ కలిగింది. ఆ బిస్కెట్ల మీద కలిగింది. ఇరవై ఏడో స్థానం మీద కూడా కలిగింది. ఒక ప్రభుత్వం ఒక మనిషిని ఇన్ని విధాల బాధపెట్టాలంటే, ముందు వాడిని తన మనిషిగా గుర్తించి ఉండాలి కదా అన్నది ఆయన ఆలోచన.

చినబాబు అంతటితో ఆగలేదు. సూట్‌కేసులోంచి ఒక నీలం ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అతని ఇంటి ముందు రోడ్డు మీద రెండేళ్ళుగా ఒక గుంత ఉందట. దాని గురించి పదకొండు ఉత్తరాలు రాశాడట. పదకొండింటికీ జవాబు వచ్చిందట. అలివేలు ఒక్కొక్క కాగితమే తిప్పి చూసింది. ప్రతి దానికీ ఒక సంఖ్య. ప్రతి దానిలోనూ గౌరవనీయులైన చినబాబు గారికి అని సంబోధన. ఆయనకు కలిగిన అసౌకర్యానికి తాము మిక్కిలి విచారిస్తున్నామని కింద సంతకం.

"ఎంత మర్యాదండీ," అంది అలివేలు భర్త వైపు చూసి.

ఆ చూపు నేరుగా వెళ్ళి తగలవలసిన చోటే తగిలింది. కృష్ణమూర్తిగారు షుఐబాలోని ఒక కాంట్రాక్టు కంపెనీలో ఉత్తరప్రత్యుత్తరాల శాఖకు అధిపతిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. పాత యజమాని గౌరవం కొద్దీ సలహాదారు అన్న పేరుతో ఆయన ఇఖామా, అంటే నివాస అనుమతి, ఇంకా కొనసాగిస్తున్నాడు. ఇంగ్లీషులో ఆయన ముసాయిదా రాస్తే కామా జరపడానికి మేనేజర్లు భయపడేవారు. రేవులకు, బ్యాంకులకు, మంత్రిత్వ శాఖలకు ఆయన రాసిన ఉత్తరాలకు లెక్క లేదు. అన్నింటి కిందా సంతకం మాత్రం మేనేజరుదే. ఈ భూమ్మీద ఏ ప్రభుత్వమూ ఇంతవరకు కృష్ణమూర్తిగారి పేరు పెట్టి విచారం తెలియజేయలేదు.

"మాకిక్కడ ఆదాయపు పన్నే లేదు," అన్నారాయన, పచ్చడి వైపు చూస్తూ.

"అదేనండి నేను చెప్పేది," అన్నాడు చినబాబు మెత్తగా. "పన్ను కట్టరు గనక మీరు అడగలేరండి. మేము కడతాం, అందుకని తిడతాం. ఇన్నేళ్ళలో మీరు ఒక్క ఫిర్యాదైనా చేశారా అన్నయ్యగారూ?"

"బావగారికి అంత అవసరం ఏం వచ్చిందిలెండి," అని పుష్పలత సర్దబోయింది. ఆ సర్దుబాటుతో కృష్ణమూర్తిగారి తల మరీ కిందికి దిగింది.

ఇక్కడ కారు సంగతి చెప్పుకోవాలి. కృష్ణమూర్తిగారికి ఇరవై రెండేళ్ళ నాటి ఒక లేత బంగారు రంగు కారు ఉంది. అద్దె ఇల్లు కంపెనీ పేరున, ఫోను యజమాని పేరున ఉన్నాయి. ఈ దేశంలో కృష్ణమూర్తి అన్న పేరు మీద నమోదై ఉన్నది ఆ కారు ఒక్కటే. చినబాబు విమానాశ్రయంలోనే తళతళలాడే తెల్లని కారొకటి అద్దెకు తీసుకుని వచ్చాడు. అతిథి కారు ఎండలో ఉంటే బాగుండదని అలివేలు పట్టుబట్టడంతో, రేకుల నీడ కింద స్థలం దానికి ఇవ్వవలసి వచ్చింది. కృష్ణమూర్తిగారు తన తాళాలు భవనం కాపలాదారు మద్దిలేటి చేతిలో పెట్టి, ఎక్కడైనా పెట్టు, నాకు చెప్పనక్కరలేదు అని ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయారు. వారం గడిచింది. ఆ వారంలో రెండు దుమ్ము తుఫానులు వచ్చాయి. తిరుగుళ్ళన్నీ తెల్ల కారులోనే జరిగాయి. తన కారు ఎక్కడుందో చూసుకోవడానికి కృష్ణమూర్తిగారి అభిమానం ఒప్పుకోలేదు.

ఖర్జూరాల ప్రయాణం రద్దయింది. తలనొప్పి అని చెప్పి కృష్ణమూర్తిగారు నాలుగో అంతస్తు బాల్కనీలో నిలబడి, ఫిర్యాదు చేయదగిన లోపం కోసం వీధిని వెతకసాగారు. రోడ్డు అద్దంలా ఉంది. దీపాలన్నీ వెలుగుతున్నాయి, అదీ పట్టపగలు, కానీ దానికి డబ్బు కట్టేది తాను కాదు. చెత్త డబ్బాలు రాత్రే ఖాళీ అయ్యాయి. దేశం తన మీద పగబట్టినంత శుభ్రంగా ఉంది. చివరికి ఎదురుగా ఉన్న ఇసుక మైదానం చివర, గోడ మూలన, దుమ్ము కప్పుకుని ఇసుక రంగుకు తిరిగిన నాలుగు పాత బండ్లు కనిపించాయి. ఆయన ముఖం విప్పారింది.

ఉత్తరం మధ్యాహ్నం దాకా సాగింది. వీధుల శుభ్రత చూసే ప్రభుత్వ కార్యాలయమైన బలదియాకు ఫోన్ నుంచే ఫిర్యాదు పంపవచ్చు. రెండు వాక్యాలు రాస్తే చాలు. కృష్ణమూర్తిగారు ఇంగ్లీషులో రెండు పేజీలు రాసి జతపరిచారు. ధూళిధూసరితములై, చక్రములు క్రుంగి, యజమానులచే విస్మరింపబడిన కొన్ని వాహనములు నగర సౌందర్యమునకు భంగము కలిగించుచున్నవని తెలియజేయుటకు మిక్కిలి చింతించుచున్నానని దాని సారాంశం. కింద తన పూర్తి పేరు, గుర్తింపు కార్డు సంఖ్య రాశారు. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారిగా ఆయన తన ఉత్తరం కింద తన సంతకం చూసుకున్నారు. రెండుసార్లు చూసుకున్నారు.

"మనకెందుకండీ ఇదంతా?" అంది అలివేలు. "పరాయి దేశంలో ఉన్నాం. ఎవరి బండ్లో ఏమిటో."

"బాధ్యత లేని వారి బండ్లు," అన్నారాయన.

అక్కడ ఆదివారం పనిదినమే. మూడింటికి ఒక జీపు వచ్చింది. ఇద్దరు మనుషులు దిగి, మైదానం చివరకు నడిచి, ఒక్కొక్క బండి అద్దం మీదా నారింజ రంగు హెచ్చరిక కాగితం అంటించడం మొదలుపెట్టారు. కృష్ణమూర్తిగారు చినబాబును బాల్కనీలోకి పిలిచి, అటు వేలు చూపించారు. చినబాబు చేతి గడియారం చూసుకున్నాడు. ఉత్తరం వెళ్ళి రెండున్నర గంటలైంది. అతని ముఖంలో తెల్లకారు కళ తగ్గడం కృష్ణమూర్తిగారు తృప్తిగా గమనించారు.

అప్పుడే మద్దిలేటి మెట్లెక్కి వచ్చాడు. కడప దగ్గర పల్లె నుంచి వచ్చి పదిహేనేళ్ళుగా ఆ భవనాన్ని కనిపెట్టుకుని ఉన్నవాడు.

"సార్, కింద బలదియావోళ్ళు వచ్చినారు," అన్నాడు వగరుస్తూ. "ఆ మూల బండ్లకు కాగితాలు అంటిస్తాండారు. మీకు చెప్పి పోదామని..."

"తెలుసు మద్దిలేటీ. వాళ్ళను పిలిపించిందే నేను."

"మీరేనా సార్?"

"నేనే. ఉత్తరం రాశాను."

"అన్నిటికీనా సార్? ఆ గోడకానుకొని ఉండేదానికి గూడానా?"

"అన్నిటికీ. గోడకానుకుని ఉన్నదాన్ని ముందు తీసుకుపోవాలి. అదే మరీ అసహ్యంగా ఉంది."

"పాతదైనా బాగుండె గద సార్," అన్నాడు మద్దిలేటి. "తుడిస్తే ఇంకా నాలుగేండ్లు వచ్చేది."

చినబాబు వింటున్నాడు. కృష్ణమూర్తిగారు ఛాతీ విరిచారు. "చెత్త విషయంలో మొహమాటం పనికిరాదు. నువ్వూ కొంచెం సాయం చెయ్యి వాళ్ళకు."

"అట్లే సార్. మీకు లేని బాధ నాకెందుకు," అని మద్దిలేటి తల వంచుకుని దిగిపోయాడు. చదువుకున్నవాళ్ళ గుండె ఇంత గట్టిదని అతనికి ఆ రోజే తెలిసింది.

అంతటితో ఆగి ఉంటే కథ అక్కడే ముగిసేది. కానీ సాయంత్రం టీ తాగుతూ చినబాబు తేరుకున్నాడు.

"కాగితమే కదండి అంటించారు," అన్నాడు. "మా గుంత చుట్టూ కూడా పసుపు రంగు గీసి వెళ్ళారండి. రెండేళ్ళయింది, గీత చెరిగిపోయింది, గుంత ఉంది. తీస్తేనే తీసినట్టండి అన్నయ్యగారూ."

కృష్ణమూర్తిగారు టీ సగంలో వదిలి లేచారు. రెండో ఉత్తరం మొదటిదాని కన్నా తీవ్రంగా వచ్చింది. కేవలము కాగితములతో తృప్తి చెందజాలనని, వాహనములను తక్షణమే తొలగింపవలెనని, ఇట్టి నిర్లక్ష్యపరులైన యజమానులను ఉపేక్షించినచో సమాజమునకు కీడు గనుక వారిపై కఠిన చర్య గైకొనవలెనని రాశారు. పంపేముందు గట్టిగా చదివి వినిపించారు. అంత మంచి తిట్టు తన నీలం ఫైలులో ఒక్కటీ లేదని చినబాబు ముఖం చెబుతూనే ఉంది.

మంగళవారం పొద్దున్నే పెద్ద క్రేను బండి వచ్చింది. నలుగురూ బాల్కనీలో కుర్చీలు వేసుకుని, కాఫీ తాగుతూ చూశారు. గాలిలో ఇంకా దుమ్ము తెర ఉంది. ఆ ఎత్తు నుంచి నాలుగు బండ్లూ నాలుగు ఇసుక కుప్పల్లా కనిపించాయి. గోడకానుకున్నది చక్రం దిగిపోయి కదలలేదు. మద్దిలేటి భుజం పెట్టి దాన్ని క్రేను దాకా నెట్టాడు.

"చూశావా చినబాబూ," అన్నారు కృష్ణమూర్తిగారు. "మంచి పని ఒకడు మొదలుపెడితే చాలు. కాపలావాడికి కూడా పౌరబాధ్యత అబ్బింది." ఆయన లేచి నిలబడి మద్దిలేటికి చెయ్యి ఊపారు. మద్దిలేటి కింద నుంచి నుదుటికి చెయ్యి ఆనించి, కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందనుకున్నారు పైవాళ్ళు.

నాలుగు బండ్లూ వెళ్ళిపోయాయి. చినబాబు ఆ రోజంతా ఇంగ్లండు మాట ఎత్తలేదు. మధ్యాహ్నం పప్పు కూడా రెండోసారి వేసుకోలేదు. కృష్ణమూర్తిగారు మాత్రం అన్నం ఎక్కువ తిని హాయిగా నిద్రపోయారు.

నాలుగింటికి తలుపు గంట మోగింది. మద్దిలేటి రెండు ప్లాస్టిక్ సంచులతో నిలబడి ఉన్నాడు. ఒక్కొక్క వస్తువే తీసి టీ బల్ల మీద పెట్టాడు. నడుం నొప్పికి కృష్ణమూర్తిగారు వెనక పెట్టుకునే మెత్త. నల్ల గొడుగు. అలివేలు పోయిందనుకున్న స్టీలు మరచెంబు. ముందరి అద్దం దగ్గర ఉండే చిన్న వినాయకుడు.

"సామిని గూడా వాళ్ళతో పంపిచ్చేకి మనసు రాలేదు సార్," అన్నాడు. "మిగతా అంతా మీరు చెప్పినట్టే చేసినా."

వినాయకుడు కృష్ణమూర్తిగారి వైపు చూస్తున్నాడు.

"ఇవి మన కారులోవి కదూ?" అంది అలివేలు.

"మద్దిలేటీ," అన్నారు కృష్ణమూర్తిగారు చాలా నెమ్మదిగా, "మన కారు ఎక్కడ పెట్టావు?"

"గోడకానిచ్చి పెట్టినా గద సార్. దాన్నే ముందు తీస్కపోవాలంటిరి. చానా అసహ్యంగా ఉందంటిరి. ముసిల్దైపాయె, వదిలించుకుంటాండారు అనుకుంటి." మద్దిలేటి అందరి ముఖాలూ చూశాడు. "కాదా సార్?"

చినబాబు హఠాత్తుగా దగ్గు తెచ్చుకుని వంటింట్లోకి వెళ్ళాడు. పుష్పలత అతని వెనకే వెళ్ళింది. అక్కడి నుంచి చాలాసేపు రెండు దగ్గులు వినిపించాయి.

మర్నాడు పొద్దున అమ్ఘరాకు ప్రయాణం. ఎత్తుకుపోయిన బండ్లన్నీ అక్కడి ఆవరణలో పెడతారు. గడువులోగా విడిపించుకోకపోతే పక్కనే ఉన్న తుక్కు దుకాణాల పాలవుతాయి. తెల్ల కారును చినబాబు నడిపాడు. కృష్ణమూర్తిగారు వెనక సీట్లో, ఒళ్ళో వినాయకుడిని పెట్టుకుని కూర్చున్నారు. దారి పొడవునా ఇనుప గుట్టలు, ఎండకు వెలిసిన తలుపులు, చక్రాలు లేని బస్సులు కనిపించాయి. వాటి మధ్య తన పేరున్న ఒకే ఒక్క వస్తువు ఎక్కడో నలుగుతోందన్న ఊహకు ఆయన వినాయకుడిని గట్టిగా పట్టుకున్నారు.

"కఠిన చర్య అని రాశారు కదండి అన్నయ్యగారూ," అన్నాడు చినబాబు అద్దంలో చూస్తూ. "అది ఎంత కఠినంగా ఉంటుందంటారు?"

కృష్ణమూర్తిగారు కిటికీలోంచి బయటికి చూశారు. ఇఖామా గడువు ఇంకా నాలుగు నెలలుంది. అది పొడిగించే రోజున ఆ రెండో ఉత్తరం బయటపడితే ఏమవుతుందన్న ప్రశ్న రాత్రంతా ఆయన పక్కనే పడుకుంది.

కార్యాలయంలో బల్ల వెనక ఒక కువైటీ యువకుడు కూర్చున్నాడు. కృష్ణమూర్తిగారికి ముప్పై నాలుగేళ్ళలో అరబ్బీ రాలేదు. ఇంగ్లీషు చాలని ఆయన నమ్మకం. యువకుడికి ఇంగ్లీషు రాదు. టీ అందించే అబ్దుల్ ఖాదర్‌ది రాయచోటి కావడం వల్ల ఇద్దరి మధ్య మాట నడిచింది.

యువకుడు కంప్యూటరులో కారు సంఖ్య కొట్టాడు. చూశాడు. గుర్తింపు కార్డు అడిగి చూశాడు. మళ్ళీ తెర చూశాడు. పక్క గదిలోంచి మరో ఇద్దరిని పిలిచాడు.

"ఓనరు కృష్ణమూర్తి," అన్నాడు ఖాదర్. "కంప్లైంటు ఇచ్చింది గూడా కృష్ణమూర్తి. నంబరు గూడా ఒకటే. ఇద్దురూ మీరేనా అని అడుగుతాండాడు సార్."

"ఇద్దరూ నేనే," అన్నారు కృష్ణమూర్తిగారు.

యువకుడు ఫైలులోంచి ఒక కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. కృష్ణమూర్తిగారి ఇంగ్లీషు అరబ్బీలోకి వెళ్ళి, ఇప్పుడు ఖాదర్ నోటి వెంట తెలుగులోకి దిగింది.

"బండి చూస్తే కడుపులో దేవుతాది, అని రాసినారు. దీని ఓనరుకు సిగ్గూ శరం లేదు, అన్నారు. ఇట్లాంటోన్ని ఊర్కే ఇడిసిపెడితే ఊరు చెడిపోతాది, పట్టుకోని బుద్ధి చెప్పండి, అన్నారు." ఖాదర్ ఆగి, గొంతు తగ్గించాడు. "ఆ బుద్ధి చెప్పేది ఇప్పుడే చెప్పల్లనా, ఒద్దా, అని కనుక్కోమంటాండాడు సార్."

"అవసరం లేదని మనవి చేయండి," అన్నారు కృష్ణమూర్తిగారు. "చెప్పడం జరిగింది."

ముగ్గురు ఉద్యోగులూ నవ్వారు. ఖాదర్ టీ తెచ్చాడు. నవ్వి నవ్వి యువకుడు, ఇంత నిజాయితీపరుడిని తన ఉద్యోగంలో చూడలేదనీ, జరిమానా వద్దనీ, రెండు సంతకాలు చేసి బండి తీసుకుపొమ్మనీ చెప్పాడు. ఒకటి యజమానిగా. ఇది వదిలేసిన వాహనం కాదు, దీని మీద నాకు శ్రద్ధ ఉంది అని. రెండోది ఫిర్యాదుదారుడిగా. పేర్కొన్న చెత్తను తొలగించినందుకు పూర్తిగా సంతృప్తి చెందాను అని. కృష్ణమూర్తిగారు రెండు చోట్లా సంతకం చేశారు. రెండో కాగితం నకలు మీద ముద్ర వేసి ఆయన చేతికి ఇచ్చారు. పైన పెద్ద అక్షరాలతో ఆయన పేరు, ఒక సంఖ్య ఉన్నాయి.

కారు ఆవరణ చివర ఉంది. కుడి వైపు అద్దం విరిగి వేలాడుతోంది. ఒక చక్రానికి మూత లేదు. తలుపు మీద గొలుసు గీసిన గీత మూరెడు పొడవున తెల్లగా మెరుస్తోంది. కృష్ణమూర్తిగారు ఆ గీత మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపారు. ఆయన కళ్ళలో ఒక వెలుగు వచ్చింది. ఇన్నేళ్ళకు ఆయనకు ఒక నిజమైన ఫిర్యాదు దొరికింది. మొదటి వాక్యం అప్పటికే మనసులో సిద్ధమైంది.

"దీనికి బాధ్యులెవరు? నేను ఫిర్యాదు చేస్తాను," అన్నారు.

"చేయచ్చు సార్, ఫారం ఉంది," అన్నాడు ఖాదర్. "కానీ ఇప్పుడే పూర్తిగా సంతృప్తి అని సంతకం పెట్టి వస్తిరి. అదే ఫైల్లోకి ఇదీ పోతాది. మల్లా ఇద్దురూ మీరేనా అని మొదుల్నుంచి అడుగుతారు."

కృష్ణమూర్తిగారు వేలు తీసేశారు. వినాయకుడిని దాని చోట పెట్టి, మెత్త లేని సీట్లో కూర్చున్నారు. బ్యాటరీ చచ్చిపోయి ఉంది. తెల్ల కారు నుంచి వైర్లు కలిపి చినబాబే దాన్ని లేపాడు. వైర్లు చుడుతూ, అడగనా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"అన్నయ్యగారూ, ఆ కాగితం ఒక్కసారి ఇస్తారాండి?"

ఎండలో నిలబడి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క అరబ్బీ అక్షరం తెలియకపోయినా చివరి దాకా చూశాడు. ముద్రను వేలితో నిమిరాడు. ఫోను తీసి ఫొటో తీసుకున్నాడు. అతని ముఖం చూస్తే, ఆదివారం పెసరట్టు ముందు కూర్చున్న కృష్ణమూర్తిగారి ముఖంలా ఉంది.

"ఆదివారం రాశారు, మంగళవారం ఎత్తుకుపోయారండి," అన్నాడు, నేల చూస్తూ. "నేను ఇరవై ఎనిమిదేళ్ళు పన్ను కట్టానండి. మా వాళ్ళు నా కారును ఎత్తుకుపోవాలన్నా రెండేళ్ళు పడుతుంది."

కృష్ణమూర్తిగారు కాగితం వెనక్కి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నారు. ఆ క్షణంలో విరిగిన అద్దం ఆయనకు అంతగా బాధ కలిగించలేదు.

ఇంటికి వచ్చేసరికి అలివేలు కింద నీడలోనే నిలబడి ఉంది. తెల్ల కారును ఎండలో పెట్టించి, కృష్ణమూర్తిగారి కారును రేకుల కింద పెట్టించింది. మద్దిలేటి తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగింది. గీత చూసింది, అద్దం చూసింది, మూత లేని చక్రం చూసింది. చివరికి భర్తను చూసింది.

"ఇప్పుడు తృప్తిగా ఉందా?" అని అడిగింది.

"ఉన్నట్టు సంతకం పెట్టాను," అన్నారు కృష్ణమూర్తిగారు.